ఉదోన్ బజారులో రాదు మామ

థాయ్‌లాండులోని ఉదోన్ థానీ బజారులో తవిన్ మామ ఫొటో స్టూడియోకి ఎవరు ఏ పని మీద వెళ్ళినా ముందు వినబడే మాట ఒక్కటే. "రాదు."

వీసా ఫొటోకి వెళితే వీసా రాదు. లాటరీ టికెట్టు చూపిస్తే నంబరు రాదు. మబ్బు పట్టిందని ఎవరైనా సంబరపడితే వాన కూడా రాదు. కొట్టు మీద ఆయన పేరు రాసిన బోర్డు ఎప్పుడో వెలిసిపోయింది, మళ్ళీ రాయించాల్సిన అవసరం పడలేదు. "రాదు మామ కొట్టు" అంటే చాలు, ఆటోవాడు సరిగ్గా దాని ముందు దింపుతాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఇప్పుడే ఎవరినో దహనం చేసి వచ్చినట్టు ఉంటాడు. అంత దిగులు మొహంతో కెమెరా వెనక నిలబడి, "నవ్వకండి" అంటాడు. ఆయన్ని చూస్తూ నవ్వడం ఎలాగూ ఎవరి వల్లా కాదు.

ఆయన భార్య బువా అత్త అదే కొట్టు ముందు బొగ్గుల కుంపటి పెట్టి పంది మాంసం సాసేజీలు కాలుస్తుంది. పెళ్ళి సంబంధం అడగడానికి వచ్చినప్పుడు కూడా మామ ఇంతేనని అందరికీ చెబుతుంది.

"మా నాన్న 'ఏం పని మీద వచ్చావు బాబూ' అన్నాడు. ఈయన 'మీ అమ్మాయిని అడుగుదామని వచ్చాను, మీరు ఎలాగూ ఇవ్వరు' అన్నాడు. మా నాన్నకి ఒళ్ళు మండిపోయింది. 'నేను ఇవ్వనని చెప్పడానికి నువ్వెవడివిరా?' అని ఆ పూటే మాట ఇచ్చేశాడు."

"ఆయన ఇస్తాడనుకోలేదు," అంటాడు మామ లోపలి నుంచి, ఇప్పటికీ తేరుకోనట్టు.

అందరూ విలై అని పిలిచే విలైవన్‌ది ఆ వరసలోనే చివర్న జుట్టు కత్తిరించే కొట్టు. డెస్మండ్ ఎవరో స్నేహితుడి పెళ్ళికని ఇంగ్లండు నుంచి ఉదోన్ వచ్చి, పెళ్ళికి ముందు జుట్టు కత్తిరించుకోవడానికి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కత్తెర జారి చెవి తెగింది. తెగింది ఆయన చెవి, క్షమాపణ చెప్పింది కూడా ఆయనే. తల కదిపినందుకు మన్నించమన్నాడు. ఇలాంటి మగాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడని విలై ఆ క్షణమే తేల్చుకుంది.

డెస్మండ్ హల్ అనే ఊళ్ళో బస్సు నడుపుతాడు. అక్క మోరీన్ నడవలేని మనిషి. ఆమెని మంచం మీద నుంచి లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా ఆయనే. అందుకే చాలామంది పరంగివాళ్ళలా ఉదోన్ వచ్చి, మామిడిచెట్టు కింద ఇల్లు కట్టుకుని ఉండిపోవడానికి ఆయనకి వీల్లేదు. వెళ్ళాల్సింది విలై. వెళ్ళాలంటే వీసా. వీసా అంటే ముందు ఫొటో. ఫొటో అంటే తవిన్ మామ.

"ఏ వీసా?" అన్నాడు మామ మొదటిసారి వెళ్ళినప్పుడు.

"చూసి వచ్చే వీసా, మామా. ఆయన ఇల్లు చూసి, వాళ్ళక్కని చూసి, తిరిగొచ్చేస్తాను."

"రాదు."

"ఇంకా ఫొటో అయినా తీయలేదు కదా!"

"ఫొటో బాగా వస్తుంది. వీసా రాదు. నువ్వు తిరిగొస్తావని వాళ్ళు నమ్మాలి. నీకిక్కడ మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్నది రెండు కత్తెరలు. కత్తెరల కోసం ఎవరన్నా వెనక్కొస్తారా? గడ్డం కొంచెం పైకెత్తు."

రాలేదు. తిరిగి వెళుతుందన్న నమ్మకం మాకు కలగలేదని మర్యాదగా రాసి పంపారు. బజారంతా తవిన్ మామ నోటిని తిట్టింది. విలై కూడా తిట్టింది. సాసేజీ తుంచి నోట్లో పెట్టుకుంటూ మరీ తిట్టింది. మామ మాత్రం తన మాట నిజమైందని గర్వపడలేదు. తల వంచుకుని లెన్సు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఫోనులో డెస్మండ్, విలై ఏం చేయాలా అని తర్జనభర్జన పడ్డారు. పెళ్ళి చేసుకోబోయే వాళ్ళకి ఒక వీసా ఉంది, అక్కడికి వెళ్ళి గడువులోగా పెళ్ళాడాలి. పెళ్ళయిన వాళ్ళకి ఇంకొకటి ఉంది, ఇక్కడే పెళ్ళి చేసుకుని వెళ్ళాలి. ఏది మంచిదో తేలక ఇద్దరూ మామనే అడిగారు. అప్పుడు డెస్మండ్ సెలవు పెట్టి వచ్చి ఉన్నాడు, తనకొచ్చిన కాస్త థాయ్‌తో మాట్లాడబోయాడు.

"మామగారూ, నేను భార్యని తీసుకుపోవడం ఉంది. ఏ తలుపు మంచి తలుపు?"

"రెండు తలుపులూ మూసే ఉన్నాయి నాయనా," అన్నాడు మామ. "నీకు జీతం ఇంత ఉండాలంటారు. నీకు అంత లేదు. ఎందుకు లేదు?"

"అక్కని చూడటం ఉంది. బస్సు కొంచెమే నడపడం ఉంది."

"చూశావా అమ్మాయ్? అక్కని చూసుకుంటాడు కాబట్టి పని తక్కువ. పని తక్కువ కాబట్టి జీతం తక్కువ. జీతం తక్కువ కాబట్టి పెళ్ళాం రాకూడదు. అక్కని వీధిలో వదిలేసే దుర్మార్గుడై ఉంటే ఈపాటికి నువ్వు విమానంలో ఉండేదానివి."

విలై అందుకుంది. "పోయినసారి అతని దగ్గర ఉండిపోనని రుజువు చేయమన్నారు. ఇప్పుడు అతన్ని వదిలి ఉండలేనని రుజువు చేయమంటున్నారు. మామా, నేను ఏం ఆడదాన్నని చెప్పాలి వాళ్ళకి?"

"పోయినసారి ప్రేమ ఎక్కువైందని రాలేదు. ఈసారి తక్కువైందని రాదు," అన్నాడు మామ, కుర్చీ జరిపి కెమెరా సరిచేస్తూ.

చివరికి ఉదోన్‌లోనే పెళ్ళి అయింది. తాలూకా ఆఫీసులో సంతకాలు పెట్టి, ఇంటికొచ్చి పెద్దల చేత మణికట్లకి తెల్లదారాలు కట్టించుకున్నారు. ఫొటోలు తీసింది మామే. "నవ్వకండి, నాటకం అనుకుంటారు. ఏడవకండి, బలవంతపు పెళ్ళి అనుకుంటారు. చెయ్యి పట్టుకో నాయనా. అంత గట్టిగా కాదు, పారిపోతుందని పట్టుకున్నట్టుంది." కొత్త దంపతులు పెళ్ళంతా తొమ్మిదో తరగతి పరీక్ష రాస్తున్న వాళ్ళలా నిలబడ్డారు.

ఆ తర్వాత ప్రేమకి రుజువుగా ఫోనులో ఇద్దరూ రాసుకున్న మాటలన్నీ అచ్చు తీయాల్సి వచ్చింది. మామ యంత్రం దగ్గర నిలబడి ఒక్కొక్క కాగితం చదివాడు.

"'తిన్నావా?' 'తిన్నాను. నువ్వు తిన్నావా?' 'తిన్నాను.' ఈ కాగితమూ ఇదే. ఆ కాగితమూ ఇదే. ఇందులో ప్రేమ ఎక్కడుంది అమ్మాయ్? హోటలు నడుపుకుంటున్నారనుకుంటారు. రాదు."

కుంపటి దగ్గర నుంచి బువా అత్త గట్టిగా అంది. "పెళ్ళయిన నాటి నుంచీ నువ్వు నన్ను ఆ ముక్క కూడా అడగలేదు. ఆ పిల్ల కాగితాలు ఇటు తే, నేను చూసి ఏడుస్తాను."

మామ గుమ్మంలోంచి తల బయటికి పెట్టాడు. "తిన్నావా?" అన్నాడు.

"లేదు."

"అదుగో, నేనడిగితే జవాబు సరిగ్గా రాదు."

రెండోసారి కూడా వీసా రాలేదు. జీతం సరిపోలేదని రాశారు. తెలిసిన రోజు సాయంత్రం విలై ఫోనులో డెస్మండ్‌ని చూస్తూ కూర్చుంది. ఆయన వెనక మోరీన్ చక్రాల కుర్చీ సగం కనబడుతోంది. కిటికీ అద్దం మీద మంచు పేరుకుని బయట ఏమీ కనబడటం లేదు. చాలాసేపటికి డెస్మండ్, "తిన్నావా?" అన్నాడు. విలై ఫోను బోర్లా పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కళ్ళతోనే లేచి సరాసరి మామ కొట్టుకి నడిచింది.

"నీ నాలుక మీద నల్ల మచ్చ ఉంది!" అని గుమ్మంలోంచే అరిచింది. "ఒక్కసారి, ఒక్కసారన్నా 'వస్తుంది' అని ఎందుకనలేకపోయావు? నీ నోట్లో పుండు పుట్ట! నా కాపురం తగలబెట్టావు కదా మామా!"

కుర్చీ తన్నింది. ఫొటోల అట్టలు నేల మీద విసిరింది. మామ ఆమె తన్నిన కుర్చీ ఎత్తి మళ్ళీ ఆమెకు అందేంత దూరంలో పెట్టాడు. ఆమె దాన్ని మళ్ళీ తన్నింది. ఒంట్లో శక్తి అయిపోయాక అదే కుర్చీలో కూలబడితే బువా అత్త వచ్చి ఒక ముద్ద అన్నం, ఒక సాసేజీ చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున విలైకి బజారు వరసలోంచి వెళ్ళే ధైర్యం లేకపోయింది. అందరూ ఏమంటారో ఆమెకి తెలుసు. పరంగి మోజు తీరి వదిలేశాడంటారు. లేదా పిల్లలోనే ఏదో లోపం ఉందంటారు. కూతురు పెళ్ళయి కూడా ఇంట్లోనే ఉందని అమ్మని గుచ్చిగుచ్చి అడుగుతారు. అందుకే చేపల కొట్ల వెనక నుంచి, నీళ్ళ తొట్ల మధ్య తలదించుకుని నడిచింది. అక్కడ తడికె అవతల తవిన్ మామ గొంతు వినబడింది.

"పాడు నోరు నాది, సోమ్‌జిన్ వదినా. రాదు అన్నాను, రాలేదు."

"సిగ్గులేకపోతే సరి!" అంటోంది చేపలమ్మే సోమ్‌జిన్. "పచ్చని జంట!"

"పచ్చని జంటే కదా. ఆ అబ్బాయి పాపం ఫోనులో ఏడుస్తున్నాడట. పిల్ల బంగారం. వాళ్ళిద్దరి మధ్యా వెంట్రుకంత లోపం లేదు. లోపమంతా నా నోట్లో ఉంది."

"పో అవతలికి, లేకపోతే ఈ నీళ్ళు నీ మొహాన కొడతాను!"

"కొట్టు వదినా, న్యాయమే," అన్నాడు మామ. సోమ్‌జిన్ నిజంగానే కొట్టింది. తడిసిన చొక్కాతో, చేపపొలుసులు అంటిన మొహంతో ఆయన పక్క కొట్టుకి వెళ్ళి నిలబడ్డాడు. "పాడు నోరు నాది, బాబాయ్," అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

విలై తిన్నగా బజారు మధ్యలోకి వచ్చింది. ఎవరూ ఆమెని డెస్మండ్ వదిలేశాడా అని అడగలేదు. అందరిదీ ఒకటే మాట. "ఆ ముసలాడి నోరు పడిపోను! నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా." ఆమె తల్లికి ఎవరో మామిడిపళ్ళు కూడా ఉచితంగా ఇచ్చి పంపారు.

కుంపటి దగ్గరికి వెళ్ళి, "అత్తా, మామ ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నాడు?" అని అడిగింది.

బువా అత్త బొగ్గుల మీద విసనకర్రతో విసురుతూ చెప్పింది. "వాళ్ళ చెల్లెలికి అప్పట్లో వీసా రాలేదు. ఆమెని కోరుకున్న పరంగిది తప్పు కాదు, ఏదో కాగితం తప్పు. బజారు ఊరుకుంటుందా? నానా మాటలూ అంది. పిల్ల మొహం చూపించలేక రాత్రికి రాత్రి బ్యాంకాక్ పోయింది. ఇప్పుడు అక్కడ బాగానే ఉందిలే, మాకంటే లావుగా ఉంది. కానీ ఈయనకి ఆ మాటలు మనసులో ఉండిపోయాయి. 'ఆడపిల్లకి వీసా రాకపోతే ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, ఆఫీసు వాళ్ళు అందుబాటులో ఉండరు కదా' అన్నాడు. పుట్టుకతోనే అపశకునపు మనిషి. ఉన్న రోగాన్నే పనిలో పెట్టాడు."

"మరి వీసా వచ్చిన వాళ్ళ సంగతేంటి?"

"వాళ్ళకి ఈయన గుర్తే ఉండడు. అదేగా కావలసింది."

హల్‌లో మోరీన్ ఊరుకోలేదు. నా పేరు చెప్పి వాడి పెళ్ళాన్ని అక్కడ ఆపుతారా అని గొడవ పెట్టి, పొద్దున పూట తనకి తోడు కూర్చోవడానికి పక్కింటామెని తనే ఒప్పించుకుంది. డెస్మండ్ తెల్లవారుజాము బస్సులు కూడా నడపడం మొదలుపెట్టాడు. జీతం పెరిగింది. నెలలు గడిచాక మళ్ళీ అర్జీ పెట్టారు. మామ మళ్ళీ ఫొటో తీశాడు, మళ్ళీ రాదన్నాడు. ఈసారి విలై, "అలాగే మామా," అంది. ఆయన అనుమానంగా చూశాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పాస్‌పోర్టు తిరిగొచ్చింది. అందులో వీసా ఉంది. విలై నాలుగుసార్లు తెరిచి, వెలుతురులో పెట్టి చూసుకుని, ముందు మామకి చెప్పాలని పరిగెత్తుకుంటూ కొట్టుకి వెళ్ళింది.

లోపల బట్టల కొట్టు రత్తనా కూర్చుని ఉంది. ఆమె భర్త కెనడాలో ఉంటాడు. చేతిలో నలిగిన కవరు, ఒళ్ళో కన్నీళ్ళతో తడిసిన రుమాలు. చూడగానే సంగతి తెలిసిపోయింది. మామ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, తిట్టు అన్నట్టు ఎదురు చూస్తున్నాడు. ఆ పిల్ల మెతక. తిట్టడం చేతకాక కుమిలిపోతోంది. గుమ్మం బయట ఇద్దరు ముగ్గురు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు.

విలై పాస్‌పోర్టుని సంచిలో అరటిపళ్ళ అడుగుకి తోసేసింది. తన సంగతి రేపు చెప్పుకోవచ్చు. గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి గొంతెత్తింది.

"ఇంకో కొంప ముంచావా మామా? ఆ మొగుడు ఈ పిల్ల కోసం ప్రాణం పెట్టుకుని కూర్చుంటే, నీ మచ్చ నాలుకతో ఆపేశావా? వినండమ్మా వినండి, తప్పంతా ఈయన నోటిదే!"

వెళ్ళేవాళ్ళు ఆగారు. సోమ్‌జిన్ చేపల కత్తితో సహా వచ్చి అందుకుంది. మామ ముందు బిత్తరపోయాడు. తర్వాత విలై కళ్ళలోకి చూశాడు. ఏం అర్థమయిందో గాని, తల మరింత వంచి, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఇంకొంచెం గట్టిగా, అమ్మాయ్. కూరగాయల వరసకి వినబడటం లేదు."

విలై ఊపిరి పీల్చుకుని కూరగాయల వరస దాకా తిట్టింది. ఆ ఊపు చూసి రత్తనాకి కూడా ధైర్యం వచ్చింది. ముక్కు తుడుచుకుని లేచి, మొదటి తిట్టు తిట్టింది.

"నా ఫొటో కూడా... అస్సలు బాగా తీయలేదు!"

మామ చటుక్కున తలెత్తాడు. "నోటిని ఎన్నయినా అను," అన్నాడు నిజంగానే నొచ్చుకుని. "ఫొటో జోలికి మాత్రం రాకు."

రత్తనాకి ఏడుపు మధ్యలో నవ్వు తన్నుకొచ్చింది. ఇక దాన్ని ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.