మూడో అంతస్తుకు ఒక వాల్వు మూత

ఆయనకు సైకిలు లేదు. తొక్కడం అసలే రాదు. అయినా ఆన్‌లైన్‌లో సైకిలు సామాను తెప్పించుకోందే ఆయనకు వారం గడవదు. అదీ ఒక్కసారికి ఒక్కటే. ఈ వారం బెల్లు స్ప్రింగు, వచ్చే వారం పెడలు నట్టు. అందుకే ఆ మేడలో అందరూ ఆయన్ని ముద్దుగా నట్టుగారంటారు. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి, రిటైరయ్యాక లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు అద్దెకు తీసుకున్న మహానుభావుడు. ఆయన దగ్గర తెలివితేటలు ఆశించడం భార్య ఎప్పుడో మానేసింది.

శనగగింజంత నట్టు, పసిపిల్లను పడుకోబెట్టేంత అట్టపెట్టెలో వచ్చేది.

"ఇందులో ఏముందండీ?" అని ఆవిడ పెట్టె ఊపి చూసేది.

"నట్టు."

"మిగతాదంతా?"

"నట్టుకు దెబ్బ తగలకుండా గాలి."

పైగా ఆర్డర్లన్నీ ఆవిడ పేరు మీదే. కింద వాటాలో టైలరమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "సైకిలు పందెం ఎప్పుడక్కా? ముందే చెబితే నిక్కరు కుట్టిపెడతా!"

వచ్చిన సామాను ఇంట్లో నిలిచేదా అంటే అదీ లేదు. వారం తిరిగేసరికి మాయం. ఏమయిందంటే "వాడకంలో ఉందోయ్" అనేవాడు నట్టుగారు.

పెట్టెలు తెచ్చే కొరియరతను నడివయసు మనిషి. అతని సైకిలుకు బెల్లు తప్ప అన్నీ మోగేవి. మొదట్లో ఒకసారి నట్టుగారు "నీ బండి బాగుచేసి పెట్టనా?" అంటే అతను ముఖం ముడుచుకున్నాడు. "నా బండి సంగతి నేను చూసుకుంటాలెండి సార్. ఊరికే ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోను." మంచినీళ్ళిచ్చినా తన సీసా చూపించేవాడు. అంత పట్టుదల.

అతను వచ్చే వేళకు సరిగ్గా నట్టుగారు "అలా గాలి పీల్చుకొస్తా" అంటూ మెట్లు దిగిపోయేవాడు. మూడో అంతస్తు దాకా గాలి రాదు కాబోలు. పాపం, కొరియరతను రొప్పుతూ పైకి వచ్చేవాడు. "కింద సారుకే ఇవ్వబోయానమ్మా. మీ సంతకమే కావాలన్నారు."

చివరికి ఆవిడ ఓపిక నశించింది. "మళ్ళీ పెట్టె వచ్చిందో, గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తా!"

దేనికీ చలించని నట్టుగారి ముఖం పాలిపోయింది. "ఈ ఒక్కసారికి తీసుకోవోయ్. వచ్చేది వాల్వు మూతే. కానీ అది రాకపోతే పోయినవారం వచ్చిన బ్రేకు రబ్బర్లు..." అని నాలుక కరుచుకున్నాడు.

వాల్వు మూతకూ బ్రేకు రబ్బర్లకూ సంబంధమేమిటో ఆవిడకు అంతుబట్టలేదు. మర్నాడు పెట్టె రానే వచ్చింది.

"నాకొద్దు, తీసుకెళ్ళిపో," అంది.

"అలాగేనమ్మా." అతను వెనుదిరిగి, నవ్వుతూ అన్నాడు. "వెనక్కి మోసుకెళ్ళడానికి నాకేం బాధ లేదు. బ్రేకులు పడక మీ వీధి వాలులో దిగడమే ప్రాణసంకటం. అవీ బాగవుతాయిలెండి. నా బండి మొండిది, దానంతట అదే బాగవుతుంది. పెడలు ఊడిపోయేలా ఉండేది, బిగుసుకుంది. మూగబోయిన బెల్లు మోగుతోంది!"

ఆవిడకు ఏదో తట్టి మెట్ల కిటికీలోంచి తొంగిచూసింది. కింద సైకిలు పక్కన నట్టుగారు గొంతుకూర్చుని ఉన్నాడు. నోట్లో స్పానరు. పాత రబ్బర్లు నేలమీద, కొత్తవి ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఎదురుగా నిట్టనిలువు వాలు.

పోయినవారం సామాను బిగించాలంటే ఈ వారం సైకిలు రావాలి. సైకిలు రావాలంటే పెట్టె రావాలి! ఆవిడకు ఒళ్ళు మండింది. వెంటనే ముద్దూ వచ్చింది.

"ఆగు బాబూ! సంతకం పెడతా."

కళ్ళజోడు వెతకడానికి కొంతసేపు పట్టింది. అది ఆవిడ ముక్కు మీదే ఉంది. తర్వాత కలం. కాగితం మీద గీసి, విదిలించి, పెదవి విరిచింది. "రాయడం లేదయ్యా."

"నా కలం ఇదిగోనమ్మా."

"వద్దొద్దు. ఊరికే ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోను."

అతను కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆవిడ గీస్తూనే ఉంది. అంతలో కింద బెల్లు ట్రింగుమంది. ఆవిడ చకచకా సంతకం పెట్టేసింది.

"ఇప్పుడెలా రాసిందమ్మా?"

"దీనికీ నీ బండి గుణమే అబ్బినట్టుంది. దానంతట అదే బాగయింది."

కాసేపటికి నట్టుగారు నల్లబడిన చేతులు వెనక దాచుకుంటూ వచ్చాడు.

"గాలి బాగా పీల్చుకున్నారా?" అందావిడ. "ఆ బండి సీటు కిర్రుమంటోంది, వినపడలేదూ? వచ్చేవారానికి స్ప్రింగు తెప్పించండి. నా పేరు మీదే."