నా దొంగ గుండెనొప్పి

పోలీసు యాక్షన్ అయినంక ఒకనాడు దేవరకొండ బస్సును మిలిటరీ ఆపింది. వయసులో ఉన్నోళ్లను కమ్యూనిస్టు సంఘపోళ్లని దించి కొడుతున్నరు. నన్ను దించకుండ నేను రొమ్ముమీద వేలు పెట్టి, "అమ్మో, గుండెనొప్పి" అని మూలిగిన.

పక్క సీటు పెద్దమనిషి ఉరిమి చూసిండు. "లత్కోరోడా! అది సూదిపోటు అనుకున్నవా? రొమ్ము నడుమ బండ పెట్టినట్టుంటది. ఎడమచెయ్యి గుంజుతది."

"నీకెట్ల ఎరుక?" అన్న కోపంగ.

"నాకిప్పుడు వస్తున్నది అదే" అని పిడికిలితో రొమ్ము అదుముకున్నడు. అంగీ చెమటతో తడిసిపోయింది.

నా మూలుగు బందయింది. ఆయనను పట్టుకొని, "దవాఖానకు పోనియ్యుండ్రి!" అని మొత్తుకున్న. సిపాయి ఆయన మొహం చూసి బస్సును వదిలిండు.

దారంతా ఆయన నా చెయ్యి తోసేస్తనే ఉన్నడు.

దవాఖానల డాక్టరు, "ఈయన నీకేమైతడు?" అనడిగిండు.

"మా చిన్నాయిన" అన్న.

ఆయన కండ్లు తెరవకుండనే, "ఇది గూడ అబద్ధమే" అన్నడు.