నేనిచ్చిన ఒక్క చుక్క

నా జన్మ నక్షత్రం ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతాను. నేను ఒకడికి ఇచ్చిన నక్షత్రం సంగతి మాత్రం నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అయిదు చుక్కలకి ఒక్కటి. అది వాడికి తగిలి నాలో దిగబడిపోయింది. నాచేత ఎవరూ రాయించలేదండి. వెధవపని అచ్చంగా నాదే.

శీనుగాడు నా చిన్ననాటి స్నేహితుడు. రావులపాలెంలో సెల్‌ఫోన్ల షాపులో చేసేవాడు. అది మానేసి, మూడేళ్లు ఇంట్లో కూర్చుని, ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి ఒక్కడే తయారుచేశాడు. గోదావరి లంకల్లో తిరిగే ఒక వీరుడి కథ. పోరాటం వంతులవారీగా సాగుతుంది: మనం ఒక దెబ్బ వేస్తే తర్వాతి వంతు శత్రువుది. అయితే మన వంతు వచ్చినప్పుడు కొట్టకుండా "ముందు మీరు కానివ్వండి" అనొచ్చు. వాడు మొహమాటపడి "అబ్బే, మీరే కానివ్వండి" అంటాడు. ఇలా నాలుగుసార్లయితే శత్రువు సిగ్గుపడి కత్తి దించేస్తాడు.

ఆ ఊహ నాది. రేవులో ఇద్దరు పెద్దమనుషులు ముందు మీరెక్కండంటే మీరెక్కండని మర్యాదలు చేసుకుంటుంటే ఏరు దాటించే పంటు కాస్తా వెళ్లిపోయింది. అది చూసొచ్చి వాడికి చెప్పి నవ్వాను. వాడు ఆటలో పెట్టాడు. చివర్లో పేర్లు పడుతుంటే వెతుక్కున్నాను. "కృతజ్ఞతలు" అన్నచోట, వాళ్లింటికి ఇంటర్నెట్ వైరు లాగినాయన తర్వాత, నేను.

"ఎలా ఉందిరా?" అన్నాడు శీను.

"అదిరిందిరా."

"మొహమాటపడకు. బాగోకపోతే చెప్పు, మార్చేస్తా."

"మార్చావంటే తంతాను."

అది నిజమే చెప్పాను. అబద్ధం ఇంటికెళ్లి రాశాను. ఆటగాళ్లు అభిప్రాయాలు రాసే పేజీలో, దొంగపేరుతో, ఒక్క చుక్క ఇచ్చి: "శత్రువుని బతిమాలుకునే ఆట. ఆ మర్యాదలు తీసేస్తే గానీ ఎవరూ ఆడరు." నాకు ముందు రాసినవాళ్లంతా మెచ్చుకున్నది ఆ మర్యాదల్నే. "మా తాతగారితో ఆడుతున్నట్టుందండి" అని ఎవరో ఒకావిడ రాసింది కూడా.

ఎందుకు రాశాను? పేరు కిందికి పోయిందనా? అంతేనా? లేక, నా నవ్వులాటని మూడేళ్లు కష్టపడి నిజం చేసినవాడు నేను కాకపోయినందుకా? ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలితే నేనింకా చిన్నవాణ్ణయిపోతానేమోనని భయం.

వారం తిరక్కుండా శీను ఆ మర్యాదలన్నీ తీసేశాడు. వద్దురా అన్నాను. వినలేదు.

"మెచ్చుకున్నవాళ్లంతా మనవైపోళ్లురా. మొహమాటానికి రాస్తారు. నువ్వూ అంతే. ఈయనెవరో గానీ నిజం చెప్పాడు."

మా వైపు ఎదురుగా ఉన్నవాడు బాగుందంటే మర్యాద, మొహం తెలియనివాడు బాగోలేదంటే నిజం. అది తెలిసే రాశానా? ఆ "ఈయన" నేనేరా అని ఆ నిమిషాన అనాల్సింది. టీ తాగాను.

మిగిలింది అందరి ఆటల్లాంటి ఆట. "ఉన్న ఒక్క మంచీ పీకేశారేంటండి?" అని అడిగి, ఆడేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఏడాది తిరిగేసరికి శీను మళ్లీ ఆ షాపులోనే, జనాల ఫోన్లకి అద్దాలు అంటిస్తూ కూర్చున్నాడు. మొన్న నా ఫోనుకీ అంటించాడు. ఒక్క బుడగ లేకుండా.

ఆ అద్దం మీదే, నిన్న మధ్యాహ్నం, ఆ పేజీ తెరిచాను. నేను రాసినదాని కిందే, అసలు పేరు, ఊరు పెట్టి రాశాను: "ఈ పైన కూసినవాడి మాట నమ్మకండి. వాడికి ఆట నచ్చింది. నచ్చినందుకే కుళ్లుకున్నాడు. నాకెలా తెలుసంటే, వాడు నేనే." దాన్ని శీనుకి పంపాను.

చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు వస్తుందని అనుకోను. దొంగపేరు చాటున నాలుగేళ్లు హాయిగా బతికిన ఆ పెద్దమనిషిని మాత్రం నలుగురిలోకీ ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టాను. నా మీద నాకు ఆపాటి పగ చాలు.