భూపాల్ తినని నెయ్యి

సారలమ్మ చేతి నెయ్యి అంటే గోదావరిఖని కాలనీలో బాలింతలున్న ఏ ఇంట్లోనూ రెండో మాట ఉండేది కాదు. శతావరి అనే పిల్లిపీచర గడ్డలు దంచి, ఆ ముద్దనూ రసాన్నీ పాలతో కలిపి, నెయ్యిలో నురగ చచ్చేదాకా కాచడం ఆమె పని. అడుగున మిగిలిన ముద్దను వేళ్లతో వత్తిలా నలిపి నిప్పులో వేసేది. చిటపటమనకుండా కాలితేనే కడాయి దించేది. బొగ్గుబాయి పనిలో భర్త చనిపోయాక, ఈ నెయ్యి కాచే మందుల షెడ్డే ఆమెకు తిండి పెట్టింది. చదువు రాదు గాని పొగరుకు తక్కువ లేదు.

ఆ రోజు షెడ్డులో కాలు పెట్టగానే ఆమె గుమ్మంలోనే ఆగింది. పెద్ద కడాయి నిండా చెడిపోయిన నెయ్యి. ఏళ్ల తరబడి కడగని దీపపు కుందె కంపు. మంచిర్యాల దుకాణాల నుంచి తేదీ దాటి తిరిగొచ్చిన సీసాలు మూలన ఖాళీగా దొర్లుతున్నాయి.

"గడ్డల రసం జర ఎక్కువ పొయ్యి, వాసన సచ్చిపోతది" అన్నాడు యజమాని భూపాల్. "చిన్న గిన్నెల కొత్త నెయ్యి వేరుగ కాచి పెట్టు. పరీక్ష చేసే మేడం వస్తది. పెద్ద కడాయిల నుంచే తీసిన అని చెప్పాలె, అవ్వా."

కాదంటే కొలువు పోతుంది. సారలమ్మ ముక్కు బిగబట్టి కాచింది. రసం పోసిన కొద్దీ, చచ్చిన ఎలుకకు అత్తరు పూసినట్టయింది.

మందుల పరీక్షాశాల నుంచి సుప్రజ వచ్చింది. భూపాల్ నవ్వుతూ చిన్న గిన్నె ముందుకు జరిపాడు.

"ఎప్పుడు కాచినా రంగు, వాసన, తడి ఒకేలా ఉండాలండి" అంది సుప్రజ. "ఇది ఆ కడాయిలోదేనా, అమ్మా?"

కాచిన నెయ్యిని యజమాని ఒక చెంచా తిన్నాకే సీసాలకు ఎత్తడం, భూపాల్ తండ్రి నాటి నుంచి అక్కడి పద్ధతి. సారలమ్మ చెంచాను పెద్ద కడాయిలో ముంచి అతని నోటి ముందు పెట్టింది.

"తిను, బిడ్డా."

"ఇయ్యాల ఒక్కపొద్దు, అవ్వా."

"పొద్దుగాల నా ముంగటనే బోటికూర తింటివి గదరా. మూతి ఇంక జిడ్డుగనే ఉన్నది."

సుప్రజ చున్నీతో ముక్కు మూసుకుని, పెద్ద కడాయి నుంచే సీసా నింపి ముద్ర వేసింది. ఆమె కారు కదలగానే భూపాల్ మొహం కందగడ్డలా అయింది.

"రేపటి నుంచి రాకు. నువ్వు కమాన్‌పూర్ పెండ్లికి పోయినప్పుడు గూడ గిట్లనే కాచినం. ఎవరన్న సచ్చిండ్రా?"

పెండ్లి నుంచి వచ్చాక పంచిన సీసాలు సారలమ్మకు గుర్తొచ్చాయి. ఆ సీసాలను నా చేతివే అని ఇంటింటికీ పంచింది తనే. నేరుగా కాలనీలోనే ఉండే శోభ ఇంటికి పోయింది. శోభ కూతురు దీప పచ్చి బాలింత.

"మొన్న నువ్వే గదా అత్తా, కండ్లు మూసుకొని పెట్టుమంటివి?" అంది శోభ.

"అన్న. మూత తియ్యకుంటనే అన్న. గా సీసా ఇటు తే."

మూత తీసి ఒకసారి వాసన చూసి, మోరీలో గుమ్మరించింది.

"ఇంక ఎవలింట్ల బాలింతలున్నరో చెప్పు" అంటూ కొంగు బొడ్లో దోపుకుంది.