తలపాగాతో బస్సు ఆపే జాదల్లా

ఖార్తూము నుంచి మదనీ వెళ్ళే తారురోడ్డు మీద, రంజాన్ నెలలో, పొద్దుగుంకే వేళకి ప్రయాణం పెట్టుకున్నవాడికి ఒక్క సంగతి తెలిసుంటే చాలు. ఎదురుగా నలుగురు మగాళ్ళు తెల్ల తలపాగా విప్పి రోడ్డుకి అడ్డంగా లాగి పట్టుకుంటే వాళ్ళు దొంగలు కారు. దారినపోయేవాళ్ళని ఆపి, ఉపవాసం విడిపించి కూడు పెట్టేవాళ్ళు. దొంగలైతే కాళ్ళావేళ్ళా పడి బయటపడొచ్చు. వీళ్ళ దగ్గర ఆ పప్పులుడకవు.

అలా అడ్డం పట్టేవాళ్ళలో ఉమ్ సిద్ర ఊరి జాదల్లా పేరు మోసినవాడు. పగలంతా రోడ్డు పక్క రేకుల షెడ్డులో లారీ టైర్లకి పంక్చర్లు వేస్తాడు. సాయంత్రమయ్యేసరికి చేతులు కడుక్కుని, ఉతికిన జుబ్బా తొడుక్కుని, తలపాగా చంకన పెట్టుకుని రోడ్డెక్కుతాడు. ఆ తలపాగా ఆరేస్తే ఒక కొస ఊళ్ళోనూ, రెండో కొస కాలవ అవతల జొన్నచేలోనూ ఉంటుందంటారు. కొలిచినవాడెవడూ లేడు గనక నమ్మక తప్పదు. ఒకసారి బ్రేకుల్లేని సిమెంటు లారీని ఆపాడు. బ్రేకుల్లేవని డ్రైవరుకి తెలుసు, జాదల్లాకి తెలియదు, లారీయే సిగ్గుపడి ఆగింది. ఇంకోసారి పెళ్ళివారి బస్సు ఆపాడు. పెళ్ళికొడుకు తిన్న తిండికి లేవలేక చాప మీదే ఉండిపోతే, మర్నాటి సాయంత్రం పెళ్ళికూతురే చుట్టాల్ని వెంటేసుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడనీ కూచోబెట్టి పెట్టారు.

అంతటి జాదల్లాకి ఆ ఏడాది రోజులు బాగుండలేదు. కారణం బావమరిది ఖిదిర్.

ఖిదిర్‌ది వద్ రహ్మా. ఆ ఊరు ఉమ్ సిద్రకి ఉత్తరాన నాలుగు చేల అవతల ఉంటుంది. జాదల్లా భార్య బతూల్ పుట్టిల్లు అదే. రంజాన్ ఇంకా మొదలు కాకుండానే ఖిదిర్ తమ ఊరి ముందు ఒంటె మూపురమంత స్పీడు బ్రేకరు కట్టించాడు. పిల్లలు రోడ్డు దాటడానికన్నాడు. మీ ఊరి పిల్లలు సాయంత్రం పూటే దాటుతారా అని జాదల్లా అడిగితే నవ్వాడు. ఇక ఉత్తరం నుంచి వచ్చే ప్రతి బండీ అక్కడ నత్తలా పాకడం, వద్ రహ్మా వాళ్ళు దాన్ని పట్టెయ్యడం. దక్షిణం నుంచి వచ్చేవాటిని మదనీ వైపు ఊళ్ళే మింగేస్తాయి. ఉమ్ సిద్ర చాపల మీద ఊరివాళ్ళే కూచుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ తింటున్నారు. దారినపోయేవాడి చెయ్యి పడని తాంబాళాలు బరువుగా ఇళ్ళకి తిరిగెళ్తున్నాయి. మగాళ్ళకది తలవంపు. వండిన ఆడవాళ్ళకి ఇంకా పెద్ద తలవంపు.

"ఏమయ్యా, మళ్ళీ మోసుకొచ్చావా?" అంది బతూల్, గుమ్మంలో నిలబడి.

"బళ్ళు రాలేదు."

"మా తమ్ముడికి వచ్చాయిగా. హారన్లు ఇక్కడికే వినపడ్డాయి."

"మీ తమ్ముడిది దొడ్డిదారి."

"దొడ్డిదారో దొరల దారో నాకెందుకు. రేపు కూడా నా తాంబాళం ఇలాగే వచ్చిందంటే, ఎల్లుండి నుంచి దాన్ని మా పుట్టింటికి పంపిస్తా. తినేవాళ్ళు అక్కడున్నారు."

జాదల్లాకి ఆ రాత్రి నిద్ర లేదు. పెళ్ళాం వండిన కూడు బావమరిది చాప మీద తేలిందంటే, ఇక ఆ తలపాగా రోడ్డు మీద విప్పనక్కర్లేదు, మొహానికి కప్పుకుంటే సరిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నమే షెడ్డు మూసేసి, ట్రాక్టరెక్కి, వద్ రహ్మాకి ఇంకా ఉత్తరాన ఉన్న హసాహీసా పట్నం వెళ్ళాడు. అక్కడ మదనీ బస్సెక్కి డ్రైవరు అవద్ వెనకాలే కూచున్నాడు. ఉపాయం చిన్నదే. వద్ రహ్మా దగ్గర బస్సు ఆగనివ్వకుండా తిన్నగా తన ఊరికి తోలించడం. పక్క సీట్లో ఒక కొరియా కుర్రాడు ఒళ్ళో సంచీ వాటేసుకుని కూచున్నాడు. కాలవలకి పంపులు బిగించడానికి వచ్చాడట. ఈ దేశంలో దిగి రెండో రోజో మూడో రోజో.

"అవదూ, వద్ రహ్మాలో ఆపకు," అన్నాడు జాదల్లా.

"ఆ మూపురం మీద జోరుగా పోతే బస్సు సంగతి దేవుడెరుగు, నా నడుం విరుగుతుంది మామా."

"నెమ్మదిగానే పో. ఆగకు, తలుపు తియ్యకు. మా ఇంటిది ఎండు బెండపొడి వేసి మాంసం పులుసు చేసింది."

"వాళ్ళూ పులుసే పెడతారుగా."

"వాళ్ళది పులుసుట్రా? కారం కలిపిన కాలవ నీళ్ళు."

పొద్దు జొన్నచేల మీదికి వాలింది. మూపురం వచ్చింది. బస్సు దాని మీదికి ముక్కుతూ ఎక్కుతుండగా ఎదురుగా తెల్లటి గుడ్డ లేచింది. అవద్ తలుపు తియ్యలేదు, నిజమే. ఆ తలుపుకి గొళ్ళెం ఊడి ఏడాదైంది. ఖిదిర్ తోసుకుని పైకొచ్చాడు. జాదల్లా తలపాగా మొహం మీదికి లాక్కుని గురక మొదలెట్టాడు.

"ఈ గ్రీజు గోళ్ళు ఎక్కడో చూశానే," అన్నాడు ఖిదిర్. "బావా, ఎందాకా ప్రయాణం?"

"ఇంటికి. నేను ప్రయాణికుణ్ణి కాదురా, పక్క ఊరివాణ్ణి."

"బస్సులో ఉన్నవాడు ప్రయాణికుడే. నిరుడు నన్ను ట్రాక్టరు మీంచి దింపి తినిపించావు చూడు, అప్పుడు నాది ఏ ఊరు?"

జాదల్లా నోరు తెరిచేలోగా మసీదులో అజాన్ మొదలైంది. అజాన్ అవుతుండగా కూడు కాదన్నవాడు ఆ రోడ్డు మీద ఇంతవరకు పుట్టలేదు. ఇద్దరు రెక్కలు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని దింపారు. బస్సులో మిగతావాళ్ళంతా చాపల వైపు నడిచారు.

ఈలోగా కొరియా కుర్రాడు తనే దిగాడు. పర్సు, వాచీ, ఫోను, ఆఖరికి బెల్టు కూడా ఊడదీసి టోపీలో వేసి, రెండు చేతులా ముందుకు చాపి కళ్ళు మూసుకున్నాడు. వద్ రహ్మా వాళ్ళు ఇదేం మొక్కుబడో అర్థంగాక నిలబడిపోయారు. జాదల్లాకి జాలేసింది. సామానంతా తీసి అతని జేబుల్లో కుక్కి, టోపీలో గుప్పెడు ఖర్జూరాలు పోశాడు.

"తినవయ్యా. ఇక్కడ దోచేది నీ ఆకలొక్కటే."

మాట అర్థం కాలేదు గాని ఖర్జూరం అర్థమైంది. కుర్రాడు జాదల్లా పక్కనే చాప మీద కూచుని, ఆయన ఏం చేస్తే అది చేశాడు. చెప్పులు విప్పితే విప్పాడు, కుడిచేత్తో సంకటి తుంచితే తుంచాడు.

ఒక్క ఖర్జూరం, ఒక్క గుక్క నీళ్ళు, అంతకుమించి ముట్టకూడదని జాదల్లా పంతం పట్టాడు. అప్పుడు అత్తగారి పులుసొచ్చింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. వెళ్ళిన చెయ్యిని ఆయన మళ్ళీ చూసేసరికి గిన్నె అడుగున ఉంది.

"అక్కకి చెప్పు బావా," అన్నాడు ఖిదిర్, బస్సెక్కిస్తూ. "అల్లుణ్ణి ఆకలితో పంపలేదని."

నాలుగు చేలు దాటగానే జాదల్లా దిగాలి గనక బస్సు ఉమ్ సిద్రలో ఆగింది. అక్కడ జనం ఖర్జూరాలతో ఉపవాసం విడిచి, నమాజు చేసుకుని, తాంబాళాల మీద రంగుల అల్లిక మూతలు కూడా తియ్యకుండా ఆయన కోసం చూస్తున్నారు. జాదల్లా దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"దిగండి బాబూ, దిగండి."

ఒక్కడూ కదల్లేదు. "నాయనా," అన్నాడు వెనక సీటు ముసలాయన, "ఇంకో మెతుకు మింగితే నన్ను ఇక్కడే పాతిపెట్టాలి."

అవద్ ఇంజను ఆపలేదు. చాపల మధ్య బతూల్ తాంబాళం, అన్నిటికంటే పెద్దది, మూత పెట్టినది పెట్టినట్టే ఉంది.

అప్పుడు కొరియా కుర్రాడు లేచాడు.

అతనికి ఆ సాయంత్రం ఈ దేశపు రూలు బోధపడింది. బస్సు ఆగి, ఎదురుగా చాప కనిపిస్తే దిగి తినాలి. దిగాడు. చెప్పులు విప్పాడు. అందరికంటే పెద్ద తాంబాళం ముందు మఠం వేసుకుని కూచుని, ఖర్జూరాల కోసం టోపీ చాపాడు.

ఉమ్ సిద్ర మొత్తం గొల్లున నవ్వింది. జాదల్లా పరుగున వెళ్ళి మూత తీశాడు. ఆ కుర్రాడు తిన్న తీరు చూసి కాలవలో కప్పలు అరవడం మానేశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"వీణ్ణి వదిలేసి వెళ్తే పంపుల కంపెనీ వాళ్ళు నా తోలు తీస్తారు," అని అవద్ ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగాక బస్సులో ఉక్కబోసింది. ఒట్టి టీ తాగుదామని ఇద్దరు దిగారు. టీ వెనకాల జొన్న మొలకల పానకం వచ్చింది. పానకం వెనకాల పులుసు వాసనొచ్చింది. కాసేపటికి, పాతిపెట్టాల్సిన ముసలాయన గిన్నె వంచి వేలితో తుడుచుకుంటున్నాడు.

జాదల్లా ఖాళీ తాంబాళాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగింపులా ఇంటికెళ్ళాడు. బతూల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుక్కలకి పెట్టలేదు కదా?"

"కొరియా నుంచి మనిషిని రప్పించి తినిపించాను."

ఆమె మూతి బిగించింది గాని కళ్ళు నవ్వుతున్నాయి. ఆయన జుబ్బా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని వాసన చూసింది. "ఇది మా అమ్మ చేతి పులుసు."

జాదల్లా గోడకేసి చూశాడు. "వాళ్ళు బలవంతం చేస్తే రవ్వంత."

"ఎలా ఉంది?"

"ఉప్పు కాస్త ఎక్కువ."

బతూల్ పగలబడి నవ్వింది. పక్కింటివాళ్ళ మేకలు లేచి నిలబడ్డాయి. నవ్వుతూనే పెద్ద కుండ దించి, రేపటికి రెండింతలు జొన్నపిండి నానేసింది.

"రేపు కూడా అదే బస్సెక్కి, అక్కడ తినే రా. నువ్వు దిగాల్సి ఉంటేనే బస్సు మనూళ్ళో ఆగుతుంది. రంజాన్ అయ్యేదాకా నీ పని ఇదే."

జాదల్లా గంభీరంగా తల పంకించాడు.

"రేపేం వండుతుందంటావు మీ అమ్మ?" అన్నాడు.