మధ్యాహ్నం నిద్ర: లేదు

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి వాలుకుర్చీలో కూర్చున్నవాణ్ణి, కళ్లు తెరిచేసరికి నాలుగు కావస్తోంది. డైరీ ఒళ్లో తెరిచే ఉంది. నన్నెవరూ లేపలేదు. మా ఆవిడను ఇలాంటి మధ్యాహ్నాలు ఎన్నిసార్లు లేపానో అప్పుడు గుర్తొచ్చింది.

గద్వాల బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేసి, రెండువేల సంవత్సరం దాటాక రిటైరయ్యాను. వచ్చే బస్సు, పోయే బస్సు రాసిన చెయ్యి ఊరుకోక, మా ఇద్దరి నిద్ర, మెలకువ డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఆమె రాత్రి ఎనిమిదిన్నరకే పడుకుని, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది. ఏదో జబ్బేనని నాకు భయం పట్టుకుంది. వనపర్తిలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు అన్నీ చూసి, ఆమె ఆరోగ్యంగానే ఉందని, వయసు పైబడ్డాక నిద్ర తొందరగా వచ్చి తొందరగా పోవడం మామూలేనని చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. పగటి నిద్ర మానిపిస్తే అంతా సర్దుకుంటుందని నాకు నేనే తేల్చుకుని, అన్నం తిన్నాక ఆమె వసారాలో కాస్త ఒరిగితే చాలు, వెళ్లి తట్టి లేపేవాణ్ణి.

“నేనేమన్న బస్సునా, జర ఆగితే చాలు టైము రాసుకుంటొస్తవు?” అని నవ్వేది. నవ్వుతూనే లేచి, కళ్లు నులుముకుంటూ చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది. “మధ్యాహ్నం నిద్ర: లేదు” అని రాసుకుని నేను తృప్తిపడేవాణ్ణి. మూడింటి మెలకువ మాత్రం మారలేదు.

నెలకోసారి జూరాల మీదుగా పోయే బస్సెక్కి, అమరచింతలో చెల్లెలి దగ్గర రెండు రోజులుండి వచ్చేది. వచ్చేటప్పుడు ముఖం తేటగా ఉండేది. అక్కాచెల్లెళ్లు కడుపునిండా మాట్లాడుకున్నారు కాబోలు అనుకునేవాణ్ణి.

కొన్నేళ్లకు ఆమె జ్వరంతో పోయింది. నిద్రకూ దానికీ సంబంధం లేదు. దినాలనాడు మరదలి దగ్గర కూర్చుని, మీరిద్దరూ అన్నన్ని ముచ్చట్లు ఏం చెప్పుకునేవారమ్మా అని అడిగాను.

“ఏం ముచ్చట్లు బావా! అక్క వచ్చుడుతోనే చాప ఏసుకొని పండేది. ఈడ లేపేటోళ్లు లేరు చెల్లే, పొద్దుగూకేదాంక పండనియ్ అనేది.”

ఇప్పుడు నాకూ ఎనిమిదిన్నరకే కళ్లు మూతలు పడుతున్నాయి, మూడింటికే మెలకువ వస్తోంది. డాక్టరు చెప్పింది నిజమే. పగలు పడుకోవద్దనేవారు ఇంట్లో ఎవరూ లేరు. నిన్న సాయంత్రం ఆ పాత డైరీలు తీసి చూశాను. ప్రతి పేజీలోనూ, నా గుండ్రటి అక్షరాలతో, ఆమె పేరుకెదురుగా “లేదు”, “లేదు”, “లేదు”. ఆమె అమరచింతలో ఉన్న రోజులు మాత్రం, నేను చూడలేదు గనుక, ఖాళీగా వదిలేశాను. ఆమె హాయిగా నిద్రపోయిన మధ్యాహ్నాలు అవే.