తాతగారి ముడతలు

ఆ రోజుల్లో మామిడికుదురు చుట్టుపక్కల ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పడానికి ఒక్క మాట సరిపోయేది. ఇంజనీరింగు, బీఈడీ, నర్సింగు. నా చదువు చెప్పడానికి మాత్రం మా నాన్న, బస్టాండులో ఎవరైనా అడిగితే, బస్సు వచ్చేదాకా అవస్థపడేవారు. "పాతకాలం గ్రీకు, రోమన్ కళ అండీ," అని మొదలుపెట్టేవారు పాపం. "అంటే డాన్సా అండీ?" "కాదండీ, పాలరాతి బొమ్మలు." "ఆయ్, అమ్మాయి బొమ్మలు చెక్కుద్దన్నమాట." "చెక్కదండీ. చూస్తాదంతే." అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోయేవి. (ఆ బొమ్మల్లో చాలావాటికి ముక్కులుండవు, కొన్నిటికి బట్టలుండవు. ఈ రెండో సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.)

మొదటి ఏడాది పూర్తిచేసి సెలవులకు వచ్చేసరికి నాన్న ఓపిక కూడా పూర్తయింది. "ఇంక చాలమ్మా. బీఈడీలో చేరిపో, నేను జనానికి చెప్పలేకపోతున్నాను," అన్నారు. సరిగ్గా అప్పుడే, చనిపోయిన తాతగారి విగ్రహం మా కొబ్బరితోటలో పెట్టాలని పెదనాన్న కొత్తపేట శిల్పిగారికి పురమాయించారు. మా వైపు దానికో పద్ధతి ఉంది. పోత పోసే ముందు మట్టితో చేసిన నమూనా చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్ళాలి, వెళ్ళినవాళ్ళంతా తలో మార్పు చెప్పాలి. చెప్పకపోతే పోయినాయన మీద ప్రేమ లేనట్టే. "నువ్వు చదివింది అదేగా, ఓసారి చూసిరా. ఎందుకైనా పనికొచ్చిందంటే అప్పుడు ఆలోచిద్దాం," అన్నారు నాన్న. నా రెండో ఏడాది ఆ మట్టిముద్దలో ఉందని అర్థమైపోయింది.

వెంటనే కొత్తపేట వెళ్ళి, శిల్పిగారిని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. గ్రీకులు ఎవరి బొమ్మ చేసినా అందగాణ్ణి చేసేస్తారు. రోమన్లు అలా కాదు, ముడతలూ పులిపిర్లూ బోసినోళ్ళూ అన్నీ ఉన్నదున్నట్టు దించుతారు, పెద్దల ముఖాలు మైనంతో చేయించి ఇంట్లో అలమరలో దాచుకుంటారు. ఆయన ఓపిగ్గా విన్నారు. "ఆయ్. తమరేమో రోమంటున్నారు. మీ పెదనాన్నగారు నిన్ననే వచ్చి గ్రీకు చెప్పెళ్ళేరండి. ఆ పేరు అనలేదు గానీ, అదేనండి," అన్నారు. ఎందుకొచ్చిన గొడవని రెండు తలలూ చేస్తానన్నారు.

అందరం వెళ్ళిన రోజు రెండు తలల మీదా తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. మొదటిది తీశారు. నున్నటి బుగ్గలు, ఒత్తైన క్రాపు. "తాతగారికి జుట్టెక్కడిది పెదనాన్నా?" అన్నాను. "లేకపోతే మాత్రం? ఉంటే బాగుండేది కదమ్మా," అన్నారాయన. మా మామ్మ, అంటే తాతగారి భార్య, గబుక్కున కొంగు భుజం చుట్టూ కప్పుకుని పక్కకి తిరిగింది. "ఎవర్రా ఈ అబ్బాయి? నాకేసి అలా చూత్తన్నాడేంటి?"

రెండో గుడ్డ తీశారు. పీక్కుపోయిన బుగ్గలు, చెవి పక్కన పులిపిరి, కాఫీ ఇంకా రాలేదేమని అడుగుతున్నట్టు ముందుకొచ్చిన కింది పెదవి. పెదనాన్న, "రోము వాళ్ళు పెళ్ళిసంబంధాలు చూసుకోరేమోనమ్మా. ఇది తోటలో పెడితే మనింటికి పిల్లనెవరిస్తారు?" అని గొణిగారు. మామ్మ కొంగు వదిలేసి తిన్నగా ఆ తల దగ్గరికెళ్ళింది. "చూసేరా? ఆ పులిపిరి అమలాపురంలో చూపించుకోండని ఎన్నిసార్లు చెప్పేను! విన్నారా? ఎప్పుడైనా విన్నారా నామాట?" అంటూనే గడ్డానికంటిన మట్టిని కొంగుతో మెల్లిగా తుడిచింది. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నారు.

గెలిచేశాననుకున్నాను. "అయితే మామ్మా, ఇదే పోత పోయించేద్దామా?" అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందే? ఇన్నేళ్ళూ ఈయనతోనే వేగేను. తోటకెళ్ళినా ఈయనేనా? ఆ అబ్బాయినే పెట్టించండి," అంది. శిల్పిగారితో సహా అందరూ పగలబడి నవ్వారు. నాకు బీఈడీ క్లాసురూము కళ్ళముందు కనబడింది. నవ్వులు తగ్గాక మామ్మ శిల్పిగారి వైపు తిరిగింది. "ఈయన్ని మటుకు ఇంటికి పంపించండి బాబూ. బీరువాలో పెట్టుకుంటాను. చీర తీసుకున్నప్పుడల్లా నాలుగు తిట్టుకోవచ్చు."

"రోమన్లూ అంతే నాన్నా. పెద్దల ముఖాలు అలమరలోనే," అన్నాను భయం భయంగా. నాన్న వాళ్ళమ్మకేసి చూశారు. "అయితే మీ పుస్తకాల్లో మా అమ్మ కూడా ఉందన్నమాట. వెళ్ళు, పూర్తి చేసుకో," అన్నారు.

తోటలో ఆ అబ్బాయి ఇప్పటికీ క్రాపు చెదరకుండా నిలబడి ఉన్నాడు. నేను ఓ కాలేజీలో ఆ పాఠమే చెబుతున్నాను. మనిషి ఉండేది ముడతల్లోనేనని బల్ల గుద్ది మరీ చెబుతాను. మొన్న ఐడీ కార్డు ఫొటోకి వెళ్తే, స్టూడియో ఆయన కంప్యూటర్లో నా ముఖం పెద్దది చేసి, "కళ్ళ కింద ఈ ముడతలు తీసేమంటారా మేడమ్?" అని అడిగాడు. అచ్చం తాతగారి కళ్ళే. రోమన్ల తరఫున కాసేపు బాధపడ్డాను. తరవాత, మా స్టూడెంట్లెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకుని, "ఆయ్, కాస్త తీసెయ్యండి," అన్నాను.